పదకొండు నలభైకి ఉప్పు మూట

ఎల్లారెడ్డిలో ఆ వాడ ఆడవాళ్ళు పొద్దున్నే చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేయడానికి కూర్చుంటారు. పదకొండు దాటాక ఎవరో ఒకరు తలెత్తకుండానే గుర్తు చేస్తారు.

"మరియక్కా, అన్నకు టైమైతుంది."

మరియ చాట పక్కన పెట్టి, పెనం మీద ఉప్పు వేడిచేసి గుడ్డలో మూట కడుతుంది. ఆమె భర్త స్వామిదాసు చొక్కా విప్పి గోడవైపు తిరిగి కూర్చుంటాడు. సరిగ్గా పదకొండు నలభైకి వీపు మీద బెల్టు వాత తేలుతుంది. తర్వాత ఇంకోటి. మొత్తం ఐదు. కామారెడ్డి టాకీసులో మార్నింగ్ షో ఆ సీనుకొచ్చిందన్నమాట.

నిరుడు వానకాలంలో సినిమావాళ్ళు వచ్చి, కూలికి పోతున్న స్వామిదాసును లాకప్ సీనుకు పిలిచారు. రూల్సు లెక్కచేయని డిటెక్టివ్ కథ. స్వామిదాసు అనుమానితుడు. షూటింగులో హీరో చెయ్యి అతన్ని తాకనేలేదు, చప్పుడు తర్వాత కలిపారు. అతనికిచ్చింది ఒకటే మాట: "నేనే చంపిన సార్." సినిమా విడుదలైన రోజు నుంచి దెబ్బలు ఇంటికే వస్తున్నాయి. ఆడేది ఆ ఒక్క టాకీసులోనే, రోజుకు నాలుగు ఆటలు. ఆదివారం జనం వన్స్‌మోర్ అంటే సీను మళ్ళీ వేస్తారు. ఆ రోజు మరియ రెండు మూటలు కడుతుంది.

న్యాయం తొందరగా జరగాలని ఈ దేశంలో అందరికీ ఆత్రమే. అది ఎవరి వీపు మీద జరుగుతోందో చూసే తీరికే ఎవరికీ లేదు.

"ఇయ్యాల హౌస్‌ఫుల్ ఉన్నట్టుంది," అన్నాడు స్వామిదాసు ఒకరోజు, మూట తగలగానే మూలిగి, నవ్వుతూ.

"నవ్వకు. పక్కబొక్క నొస్తది."

పక్కింటి గంగమణి ఫోను పట్టుకుని వచ్చింది. "అక్కా, శుక్రవారం సంది గీ సినిమ ఫోన్లల్ల వస్తదట."

మరియ చెయ్యి ఆగిపోయింది. టాకీసుకైతే ఆటల వేళలున్నాయి. ఫోన్లకు వేళెక్కడిది?

"బతుకుతనంటవా?" అన్నాడు స్వామిదాసు, వానొస్తదా అని అడిగినట్టు.

గురువారం ఇద్దరూ కామారెడ్డి బస్సెక్కారు. మ్యాట్నీకి ముందు వరుసలో కూర్చున్నారు. వెనక సీటులో ఆటో నడిపే సంపత్ పక్కవాడితో గొప్పలు పోతున్నాడు. "ఆరోసారి చూస్తున్న రా, గీ ఒక్క సీను కోసం."

లాకప్ రాగానే ఈలలు. "వెయ్యన్నా, గట్టిగ వెయ్యి!" అని సంపత్ అరిచాడు.

డిటెక్టివ్ బెల్టు ఎత్తాడు. మరియ లేచి నిలబడింది.

"సారూ, మా ఆయన చెయ్యలే."

తెర మీద డిటెక్టివ్ ఆగాడు. నెలరోజులుగా కొట్టి కొట్టి అతని భుజం కూడా వాలిపోయింది.

"సాక్షి ఎవరు?" అన్నాడు విసుగ్గా.

"ఆయన పెండ్లాన్ని, నేనున్న."

"నీది చెల్లదు. ఇంకెవరు?"

మరియ వెనక్కి తిరిగి సంపత్‌ను చూసింది. "ఆరుసార్లు చూస్తివి గద బిడ్డా. ఎవడు చంపిండో నీకెరుకే గద. చెప్పు."

సంపత్ చూపు ముందు సీటు మీద పడింది. స్వామిదాసు అప్పటికే చొక్కా విప్పేశాడు; ఆ వీపు దెబ్బ కోసం వంగి ఉంది. పాత వాతలు లెక్కకు అందేట్టు లేవు.

"సార్," అన్నాడు లేచి నిలబడి. "అసలోడు సెకండాఫ్‌ల దొరుకుతడు. లాయరు తమ్ముడు. గీయన కాదు. మాకందరికి తెలుసు సార్."

డిటెక్టివ్ బెల్టు మళ్ళీ నడుముకు పెట్టుకుని లాకప్ తలుపు తీశాడు. తెర మీది స్వామిదాసు చొక్కా తొడుక్కుని బయటికి నడిచాడు. సినిమా ఇంటర్వెల్‌కు ముందే అయిపోయింది. వన్స్‌మోర్ అని ఎవరూ అనలేదు.

శుక్రవారం పొద్దుటి నుంచి వాడలోనే మూడు ఫోన్లలో ఆడింది. ఇప్పుడది ముప్పావు గంట సినిమా. పదకొండు నలభైకి మరియ అలవాటుగా మూట కట్టింది. స్వామిదాసు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పావుగంట గడిచింది.

"అంగి ఏస్కోరాదు," అంది మరియ చొక్కా అందిస్తూ.

"ఇంకింత సేపు చూద్దాం," అన్నాడతను.

మూట చల్లారింది. మధ్యాహ్నం మరియ దాన్ని విప్పి, ఆ ఉప్పును పప్పులో వేసింది.