వాపసు వద్దు

తాళాలాయన ఇన్సూరెన్సు ఆఫీసుకి బయల్దేరాడంటే ఆయన భార్యే మొదట నమ్మలేదు. ఏళ్ళ తరబడి తాళంచెవులు చేసి బతికిన మనిషి, అరిగిపోయిన ఆకురాయిని పారెయ్యడానికి కూడా చేతులు రాని మనిషి. జరగని దానికి ముందే డబ్బు కట్టడమంటే ఆయనకి ఒళ్ళుమంట. అలాంటివాడు ఏకంగా రెండు ఓడ విహారాలకి టికెట్లు కొన్నాడు. మొదటి ఓడ పొద్దున్నే రేవులో దింపుతుంది, రెండోది అదే రేవు నుంచి సాయంత్రం మంచుకొండలవైపు తీసుకుపోతుంది. వరసగా రెండూ కొంటే తగ్గింపు ఇస్తామన్నారట.

తగ్గింపన్నది పైకి చెప్పే మాట. భార్య గుండె సగమే పనిచేస్తోందని తెలిసినప్పటి నుంచీ ఆయన లోలోపల కుమిలిపోతున్నాడు. వెళ్ళి రండని డాక్టరు అన్నాడు కానీ, ఆ అనడంలో బలం లేదు. ఓడ ఎక్కాలని ఆవిడ ఎప్పటినుంచో అడుగుతుంటే, చూద్దాంలే అని దాటవేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగడం లేదు.

ఆఫీసులో గాజుబల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఆవిడ జబ్బూ, మందుల పేర్లూ ఓపిగ్గా రాసుకుంది. రెండు ఓడలకీ కలిపి ఒకే పాలసీ తీసుకోమంది. విడివిడిగా తీసుకుంటే మొదటి ఓడలో వచ్చిన జబ్బుని రెండో పాలసీ పాత జబ్బు కింద జమకడుతుందట, అప్పుడు పైసా రాలదట. వైద్యం ఖర్చు అందులో ఎలాగూ ఉంటుంది. అసలు ప్రయాణమే మానుకోవలసి వస్తే టికెట్ల డబ్బు వాపసు రావాలంటే మాత్రం మరికొంత కట్టాలి. తాళాలాయన బేరమాడకుండా అన్నీ కలిపి రాసెయ్యమన్నాడు.

"ఆ వాపసు ఈయన పేరున వద్దమ్మా" అంది పక్కనే కూర్చున్న భార్య.

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. ఇంతా చేసి ఇక్కడ పిసినారితనమేమిటని కసిరాడు. ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"ప్రయాణానికి ఇంకా నెలలున్నాయి. ఈలోగా నేను పోయాననుకో. డబ్బు వెనక్కొస్తుందంటే ఈయన తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటారు. రాదంటే, దండగైపోతుందని ఏడుస్తూనైనా ఓడెక్కుతారు. ఒకటి దిగి ఇంకోటి ఎక్కి, అన్నాళ్ళు నలుగురి మధ్యా ఉంటే కాస్త తేరుకుంటారు. ఈయన సంగతి నాకు తెలీదా?"

ఆ అమ్మాయి రాయడం ఆపేసింది. తాళాలాయన పిసినారితనాన్ని ఇన్నేళ్ళూ దెప్పిన మనిషి, దాన్నే ఆయనకి ఆసరాగా వదిలి వెళ్ళాలనుకుంటోంది. ఆయన కళ్ళనీళ్ళు ఆగక చేత్తో తుడుచుకున్నాడు. భార్యని అడిగాడు.

"నేనే ముందు పోతే?"

"ఓడా లేదు, గీడా లేదు. మానేస్తాను" అంది ఆవిడ తడుముకోకుండా.

"అయితే ఈవిడ పేరున కూడా వద్దమ్మా" అన్నాడాయన ఆ అమ్మాయితో. "దండగంటే ఈవిడకీ ప్రాణం ఒప్పదు."

అప్పటిదాకా ధైర్యంగా మాట్లాడిన ఆవిడ గబుక్కున ఆయన వైపు తిరిగింది. ఆయన పోవచ్చునన్న మాట ఆవిడ ఇంతవరకూ తలుచుకోనే లేదని, ఆ ముఖం చూశాకే ఆయనకి తెలిసింది.