రాతికి ఇవతల

వలి బాషా ముందు నడుస్తున్నాడు. భుజాన చిన్న గ్యాసు స్టవ్వు, కుడిచేతిలో పాలక్యాను. వెనక షాహీదాబీ స్టీలు బిందె చంకన పెట్టుకుని, కాగితం కప్పుల సంచి భుజానికి తగిలించుకుని వస్తోంది. గండికోట మసీదు దాటాక దారి ఉండదు. ఎర్రటి బండలు మాత్రం ఒకదాని మీద ఒకటి, ఎవరో కోపంలో విసిరి పారేసినట్టు పడి ఉంటాయి. చీకట్లో ఏ సందున అడుగు వేయాలో ఇద్దరి కాళ్ళకూ తెలుసు. అందుకే అతను లైటు తెచ్చుకోడు. వెనక్కి తిరిగి చూడడు కూడా.

ఈ మధ్య ఆమె ఆగి ఆగి ఎక్కుతోంది. బిందె దించి, బండకు చెయ్యి ఆనించి, నోటితో గాలి పీల్చుకుంటుంది. బిందె రాతికి తగిలిన చప్పుడు అతనికి వినిపించింది.

"యాందే, ఆడ్నే కాపరం పెడ్తావా?"

"వస్తాండా పో. నేనొచ్చేదాకా నీ స్టవ్వు అంటుకోదులే. అగ్గిపెట్టె నా కాడుండాది."

అతను నవ్వలేదు. పెళ్ళయిన కొత్తలో ఇలాంటి మాటలకు నవ్వేవాడు.

కొండాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో, రోడ్డు పక్కన వాళ్ళకు టీ అంగడి ఉండేది. ప్రాజెక్టు నీళ్ళు వచ్చి ఊరు మునిగింది. ఊరితో పాటు అంగడీ పోయింది. ఊరు పోయినవాళ్ళకు ఇచ్చిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు కానీ అక్కడ టీ కొనుక్కుని తాగేవాళ్ళు లేరు. కోట దగ్గర లోయ అంచున కూచుని పొద్దుపొడుపు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారని విని, అతను మోపెడ్‌కు స్టవ్వు కట్టుకున్నాడు. అప్పటినుంచీ ఇదే పని.

లోయలోంచి గాలి కొడుతుంది. స్టవ్వు నిలవాలంటే పెద్ద బండ చాటు కావాలి. ఆ బండ సరిగ్గా తూర్పుకు అడ్డం. జనం అవతల, వీళ్ళు ఇవతల. సూర్యుడు వచ్చే వేళకే టీకి గిరాకీ. అతని చూపు పాలమీద ఉంటుంది. ఆమె నిండు కప్పులు పట్టుకుని రాళ్ళు దిగాలి కనుక, ఆమె చూపు కాళ్ళమీద. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఒక్కరు కూడా సూర్యుడు రావడం చూడలేదు. బండ పక్కనుంచి జనం చెంపలు కనిపిస్తాయి. చెంపలు ఎర్రబడితే వచ్చినట్టు. తెల్లబడితే గిరాకీ అయిపోయినట్టు.

ఈ రోజు షాహీదాబీ కప్పుల సంచి విప్పలేదు.

"రాత్రి బిడ్డకు అబద్ధం చెప్తినయ్యా" అంది.

కూతురు అఫ్సానా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. గండికోట పొద్దుపొడుపు అని ఎవరో ఫోన్లో చూపించారట. 'దినామూ చూస్తాంటావు గదమ్మా, నిజంగా అట్లే ఉంటాదా' అని తల్లిని అడిగింది. 'ఇంకా బాగుంటాది' అని చెప్పింది తల్లి. ఆ తర్వాత అన్నం ముందు కూచుని కలిపి, తినకుండా లేచింది.

"అదీ ఒక అబద్ధమేనా?" అన్నాడు వలి బాషా.

"చూడంది చూసినా అంటిని. ఈ పొద్దు చూసేస్తే నిజమైపోతాది. కప్పులు నువ్వే అందియ్యి."

"గిరాకీ యాళకు మహారాణి మాదిరి కూచుంటావా? రేపు చూద్దువులే."

"రేపు రేపంటాంటే ఊరే మునిగిపాయె."

ఆమె అడగడం అంతటితో అయిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని బండ అవతలికి వెళ్ళింది.

అక్కడ ప్రొద్దుటూరు నుంచి వచ్చిన కొత్త జంట కూచుని ఉన్నారు. శ్రావణ్, వనిత. వనిత తన చెప్పులు జరిపి చోటిచ్చింది.

"ఈడ కూచో పెద్దమ్మా."

"మీరు దినామూ చూసేదే గదా. బాగుంటాదా?" అని అడిగాడు శ్రావణ్.

"రవ్వంతసేపు తాళు నాయనా. అప్పుడు చెప్తా" అంది షాహీదాబీ.

ఇవతల వలి బాషాకు ఆ మాట వినిపించింది. ఒళ్ళు మండింది. కాచడం అతనే, మోయడం అతనే. పులివెందుల కాలేజీ పిల్లలు "మామా, టీ ఏమాయె? ఆవును తోలుకురాను పోయినావా?" అని అరుస్తున్నారు. కప్పులు అందిస్తూ వేళ్ళు కాల్చుకున్నాడు. కాలిన వేళ్ళతోనే ఆమె స్టీలు గ్లాసులో టీ పోశాడు. ఆమె కాగితం కప్పులో తాగదు. ఆమె పక్కన రాతిగుంటలో ఆ గ్లాసు ఠక్కున పెట్టాడు.

"ఇదో, మహారాణికి టీ."

కాలేజీ పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు, కోపపడనూ లేదు.

"ఉండనీ. ఆయప్ప వచ్చినాంక తాగుతా" అని తూర్పుకు గడ్డం చూపించింది.

తూర్పు ఇంకా బూడిదరంగులోనే ఉంది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. అంత గాలిలో చెమటేమిటని అడగాల్సింది. అడగలేదు. అతనికి గిరాకీ ఉంది.

కాసేపటికి జనం కేకలు వేశారు. అందరి చేతులూ ఫోన్లతో పైకి లేచాయి. వలి బాషా బండ పక్కనుంచి తొంగి చూశాడు. రాతికి ఆనుకున్న షాహీదాబీ చెంప ఎర్రగా ఉంది. చూసిందిలే, ఇంక లేచి వస్తుంది అనుకున్నాడు. రాలేదు. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. చెంపలు తెల్లబడ్డాయి. జనం బట్టల దుమ్ము దులుపుకుని, కప్పులు రాళ్ళమీదే పారేసి వెళ్తున్నారు.

"యాందే, ఇంగా ఏం చూస్తాండావు? పొద్దు నెత్తిమీదికొచ్చె!"

వనిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పెద్దమ్మా" అంది. మళ్ళీ అంది. తర్వాత తలెత్తి వలి బాషా వైపు చూసింది.

శ్రావణ్, కాలేజీ పిల్లలు కలిసి ఆమెను దుప్పట్లో పడుకోబెట్టి మోశారు. వలి బాషా దుప్పటి వెనక దిగాడు. ఆ రాళ్ళమీద అతను ఆమె వెనక నడవడం అదే మొదలు.

మసీదు దగ్గర దించాక వనితను అడిగాడు. "సూర్యుడొచ్చినాంక ఏమన్నా అనెనా?"

"మేము వీడియో తీసుకుంటాంటిమి పెద్దనాయనా. ఆయమ్మ తట్టు చూసుకోలే" అని ఆ పిల్ల ఏడ్చింది.

అఫ్సానాకు సెలవు దొరకలేదు. ఫోన్లోనే ఏడ్చింది. పొద్దు చూస్తానని కూచునిందమ్మా అని అతను చెప్పాడు.

"చూసిందా నాయనా?"

"చూసింది" అన్నాడు.

అది నిజమో అబద్ధమో చెప్పినవాడికే తెలియదు. ఆ రాత్రి అతనూ అన్నం కలిపి, తినకుండా లేచాడు.

మూడోరోజు ఆమె గోరీ దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యాక స్టవ్వు తెచ్చుకోవడానికి కోటకు వెళ్ళాడు. ఎండ దంచుతోంది. బండ చాటున స్టవ్వు అలాగే ఉంది. పొంగిన పాలు దానిమీద మాడి అట్టకట్టాయి. భుజానికి ఎత్తుకున్నాక ఆమె అన్న మాట గుర్తొచ్చింది. ఆయప్ప వచ్చినాంక తాగుతా. తాగి ఉంటే చూసినట్టు. టీ అలాగే ఉంటే చూడనట్టు. స్టవ్వు దించి బండ అవతలికి వెళ్ళాడు.

రాతిగుంటలో స్టీలు గ్లాసు పెట్టినచోటే ఉంది. అతను వంగి చూశాడు. ఆమె తాగిందో, మూడు రోజుల ఎండ తాగిందో, గ్లాసు అడుగున ఎండిన టీ చార ఒక్కటే ఉంది.