అంజినప్ప బండి శబ్దం

చింతామణిలో ఎవరి దగ్గర సైలెన్సర్ మార్పించుకున్నా చివరికి బాగేపల్లి రోడ్డులో ఉన్న నా షెడ్డుకే రావాలి. ఈ మాట నేనే అంటే మునినారాయణకు పొగరు అంటారు. అననీ. పని చేతనైనవాడు నోరు మూసుకుంటే చేతకానివాడు చెప్పుకుంటాడు, ఊరు వాణ్ణే నమ్ముతుంది.

రెండువేల ఆరులో, వానలకు ముందు, నందీశ్ వచ్చాడు. పాతపాళ్య చుట్టుపక్కల ఊళ్ళకు అతను పశువుల కాంపౌండరు. గొడ్లకు సూదులు వేస్తూ పాత యమహా మీద తిరిగేవాడు. దాని సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోతే బెంగళూరు జె.సి. రోడ్డుకు పోయి కొత్త రకం ఒకటి కొనుక్కొచ్చాడు. కంపెనీది కాదు. మధ్యలో పొట్ట, చివర సన్నటి తోక. పొగ దడదడా బయటికి పోతుంది, బండికి లాగుడు పెరుగుతుంది, దాంతోపాటు మోత కూడా.

అలాంటిది తగిలించి పంపడం ఎవడైనా చేస్తాడు. తగిలించాక కార్బొరేటర్‌ను దానికి తగ్గట్టు సర్దడమే పని. పొగ తొందరగా పోయే బండికి పెట్రోలు కాస్త ఎక్కువ అందాలి, లేదంటే ఇంజిన్ కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలు వదిలే జెట్ పెద్దది వేసి, రోడ్డు మీద ఒక దౌడు తీయించి, ప్లగ్గు విప్పి చూశాను. తెల్లగా ఉంది, పెట్రోలు ఇంకా చాలలేదు. ఇంకో సైజు పెద్దది వేశాను. మళ్ళీ దౌడు, మళ్ళీ ప్లగ్గు. కాఫీపొడి రంగు వచ్చింది. ఆ రంగు రానిదే ఏ బండినీ నా షెడ్డు దాటనివ్వను.

నందీశ్ మురిసిపోయి వెళ్ళాడు. కొన్నాళ్ళకు ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"అన్నా, ఇది తీసేయన్నా."

"ఏమప్పా, యాడన్నా పట్టేసిందా?"

"బండి బంగారంగా ఉండాదన్నా. గొడ్లే నిలబడ్తా లేవు. నేను చెరువు మలుపు తిరిగేలోపలే తాళ్ళు తెంపుకొని గుట్టెక్కుతాండాయి. పాతపాళ్యలో సగం గొడ్లకు సూది పడలేదు."

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ ఏడు గాలికుంటు వ్యాపిస్తోంది. నోరూ గిట్టలూ పుండ్లు పడి, పశువు మేత ముట్టక, పాలు ఎండిపోయే రోగం. పాతపాళ్యలో నా చెల్లెలు రామలక్ష్మమ్మ ఉంది. బావ నడుము పడిపోయినప్పటి నుంచి ఆ ఇల్లు గౌరి అనే ఒక్క ఆవు పాల మీదే నడుస్తోంది. నందీశ్‌ను అడిగాను, గౌరికి సూది వేశావా అని.

"గుట్టెక్కేదాంట్లో మొదటిదే అది కదన్నా," అన్నాడు.

వెంటనే ఆ సైలెన్సర్ విప్పి కంపెనీ సైలెన్సర్ బిగించాను. జెట్ మళ్ళీ చిన్నది వేశాను. పిల్లి నడిచినంత మెత్తగా పోయింది బండి. ఆ రోజు నాలుగైదు ఇళ్ళలో పని జరిగింది. తరువాత ఒక గేదె సూదికి బెదిరి అరిచింది, అంతే, మిగతా గొడ్లన్నీ ఆ మెత్తటి శబ్దాన్ని కూడా గుర్తు పెట్టుకున్నాయి. మళ్ళీ పోతే మళ్ళీ గుట్టే. నాకు ఒళ్ళు మండింది. బెంగళూరు మెకానిక్కులు కూడా వంక పెట్టని నా పనికి పాతపాళ్య గొడ్లు వంక పెట్టాయి!

ఆదివారం చెల్లెలి ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే దూరంగా ఒక దరిద్రపు శబ్దం వినిపించింది. గొంతులో కఫం అడ్డుపడిన ముసలివాడు గొణుగుతున్నట్టు, మధ్యమధ్య రేకు గిలగిలలాడినట్టు. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. అది అంజినప్ప బండి.

అంజినప్ప చింతామణి నుంచి తవుడు, గానుగ చెక్క మూటలు వేసుకొచ్చి ఊరూరా అమ్ముతాడు. అతనిదీ యమహానే. సైలెన్సర్ లోపలి గొట్టం వదులైపోయింది, అతుకు దగ్గర బొక్క పడింది, దానికి ఒక రేకు ముక్క అడ్డం పెట్టి తీగతో కట్టుకున్నాడు. మార్చుకోవయ్యా అని కనబడినప్పుడల్లా తిట్టేవాణ్ణి. "నడుస్తాండాది కదప్పా," అనేవాడు.

ఆ శబ్దం వినగానే గౌరి లేచి నిలబడింది. చెవులు నిక్కించి, వీధి వైపు మెడ చాపి, అంబా అని అరిచింది. పక్కింటి ఆవు అరిచింది. ఎదురింటి గేదె కూడా. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

"యాడికన్నా? అన్నం తినేసి పో," అంది రామలక్ష్మమ్మ.

"నీ గౌరికి సూది వేయించేదానికి పోతాండాను," అన్నాను.

మరునాడు నందీశ్ బండి తెప్పించుకున్నాను. నా జన్మలో బాగున్నవాటిని ఇంకా బాగు చేశాను గానీ, చెడగొట్టడానికి ఇంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు. తుక్కులోంచి పాత సైలెన్సర్ తీసి లోపలి గొట్టం వదులు చేశాను. అతుకు దగ్గర బొక్క వేసి, రేకు ముక్క పెట్టి, తీగ చుట్టాను. షెడ్డు ఎదురింటి శశికళమ్మ ఆవు అంజినప్ప తవుడే తింటుంది. దాన్నే పరీక్షకు పెట్టుకున్నాను. రోడ్డు చివరి నుంచి బండి తోలుకొచ్చాను. ఆవు నెమరు వేస్తూనే ఉంది.

తీగ వదులు చేశాను. చెవి ఒకటి కదిలింది, అంతే.

అప్పుడు బుద్ధికి తట్టింది. అంజినప్ప బండి ఖాళీగా ఏనాడు వచ్చింది? మూటల బరువుకు ఇంజిన్ మూలుగుతూ రావాలి. పైగా ఆ సైలెన్సర్ మసి పేరుకుని సగం పూడిపోయి ఉంటుంది. తోక చివర ఒక ఇనుప రింగు వెల్డింగ్ పెట్టి దారి సన్నం చేశాను. పొగ తగ్గింది కాబట్టి పెట్రోలూ తగ్గాలి, ఇంకా చిన్న జెట్ వేశాను. నకలు శబ్దమైనా సరే, ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉండాల్సిందే. వెనకాల ఇసుక మూటలు కట్టి మళ్ళీ వచ్చాను.

ఆవు లేచింది. అరిచింది. ఆ అరుపు వినేసరికే నా ఛాతీ ఉబ్బింది. అంతలో లోపలి నుంచి శశికళమ్మ బొక్కెన పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అంజినప్పా, ఒక మూట తవుడు దించిపోప్పా!"

బండి మీద నన్ను చూసి అట్లాగే నిలబడిపోయింది. చింతామణి మొత్తం పిలిచి శాలువా కప్పినా నాకంత సంతోషం కలిగేది కాదు.

మర్నాడు పొద్దున్నే పాతపాళ్య బయలుదేరాం. నందీశ్ తోలుతున్నాడు, వెనక నేను, మా మధ్యలో మందు ఉన్న ఐసు డబ్బా, అడ్డంగా నిజమైన తవుడు మూట. చెరువు మలుపు దగ్గర నందీశ్ బండి వేగం తగ్గించాడు.

"అన్నా, పరిగెత్తితే?"

"తోలు నువ్వు!" అని కసిరాను. నాకూ లోపల భయంగానే ఉంది.

ఒక్కటి కూడా పరిగెత్తలేదు. వీధి పొడుగునా గొడ్లు మెడలు చాపి మమ్మల్ని పిలుస్తున్నాయి. చెల్లెలు తొట్టిలో తవుడు పోసింది, గౌరి మూతి ముంచింది, నందీశ్ మెడ మీద సూది వేశాడు. గౌరి ఉలిక్కిపడి తలెత్తి నన్నొక చూపు చూసి, మళ్ళీ తొట్టిలో మూతి పెట్టింది. ఇంటింటికీ పోయి గుప్పెడు తవుడు, ఒక సూది. మధ్యాహ్నానికి ఊరంతా అయిపోయింది. రామలక్ష్మమ్మ గౌరి మెడ నిమురుతూ ఏడ్చేసింది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, బండి పొగ అని చెప్పాను.

వానల్లో గాలికుంటు చుట్టుపక్కల ఊళ్ళకు వచ్చింది. పాతపాళ్యలో ఒక్క పశువూ పడలేదు.

ఆ తరువాత ఒక పొద్దున షెడ్డులో వంగి పని చేసుకుంటుంటే వెనక బండి ఆగింది. తల తిప్పకుండానే అన్నాను, "రా నందీశా, కూచో."

"నందీశ్ యాడుండాడు? నేనప్పా!"

అంజినప్ప. ముఖం ఎర్రగా కాలిపోతోంది. నా నకలుకూ అసలుకూ తేడా పట్టలేక నేనే మోసపోయానని లోలోపల పొంగిపోతుంటే అతను అరుస్తూనే ఉన్నాడు.

"ఏం చేసినావు నువ్వు? పాతపాళ్యలో నా బండి చప్పుడు వింటానే గొడ్లు గుట్టెక్కుతాండాయి, జనం వాటెనక పరిగెత్తుతాండారు! మూటలు మూటలట్లే వాపసు తెస్తాండాను!"

జరిగింది మొత్తం చెప్పాను. చెప్పి, కొత్త సైలెన్సర్ తీసి ముందు పెట్టాను. "ఇది వేసిస్తాను. కొత్త చప్పుడుకు అలవాటు చేసుకో."

అంజినప్ప దాని వైపు చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అంటే, నా బండి సౌండుకే ఊరంతా నిలిచినాయా?"

"అన్నీ నిలిచినాయప్పా."

"గౌరి కూడానా?"

"గౌరే మొదట."

కాసేపు మీసం దువ్వుకున్నాడు. "అయితే నాది మార్చేది లేదు. ఆ నందీశ్‌ది తీసేయ్. నా గొడ్లకు నేను చెప్పుకుంటాను," అన్నాడు.

నందీశ్‌కు మళ్ళీ కంపెనీ సైలెన్సర్ బిగించాను. అంజినప్ప పాతపాళ్యలో ఇంటింటికీ పోయి, ఇంజిన్ ఆపకుండా, ఒక్కో గొడ్డు మూతి ముందర గుప్పెడు తవుడు పట్టుకుని నిలబడేవాడట. దసరా వచ్చేసరికి గౌరి మళ్ళీ అతన్ని పిలవడం మొదలుపెట్టిందని చెల్లెలు ఫోన్ చేసింది.

ఆ వారమే తీగ తెగి రేకు ఊడిపోతే అంజినప్ప షెడ్డుకొచ్చాడు. ఆ బొక్క మూసి వెల్డింగ్ పెట్టడం నాకు చిటికెలో పని. పెట్టలేదు. రేకు ముక్కను పాత చోటే ఆనించి, పాత బిగువులోనే తీగ చుట్టి, కిక్ కొట్టాను.

"సరిగ్గా ఉండాదా?" అన్నాడు అంజినప్ప.

ఎదురింటి వైపు చూపించాను. శశికళమ్మ ఆవు లేచి నిలబడి ఉంది.