నల్లపెట్టె, తెల్లపెట్టె

మా షాపులో నా కౌంటరు, మా మరిది కౌంటరు ఎదురెదురుగా ఉంటాయి. నేను అమ్మేది నల్ల గేమ్ కన్సోల్, అతను అమ్మేది తెల్లది. రెండూ టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెలే. దీని ఆట దానిలో ఆడదు, కాబట్టి ఒకసారి కొంటే ఇక దానికే కట్టుబడాలి. మంచి రోజుల్లో జనం ఇదీ అదీ కూడా పట్టుకుపోయేవారు. ఫ్యాక్టరీలు మూతపడి, మా ఆయనతో సహా సగం ఊరు ఇంట్లో కూర్చున్నాక, పెట్టె కొనడానికి సంబంధం చూసినంత ఆలోచిస్తున్నారు.

నల్లది ఖరీదెక్కువ. కానీ డిస్కు పడుతుంది, ఆటలు స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. తెల్లది చౌక. కానీ ప్రతి ఆటా నెట్‌లో కొనాల్సిందే.

సోమవారం ఓనరు మా ఇద్దరినీ పిలిచాడు.

"రెండు కౌంటర్లు నేను మోయలేను. శనివారానికి ఎవరిది తక్కువ అమ్ముడైతే వాళ్లు మానుకోవాలి."

మేం ఒకే ఇంట్లో పై వాటాలో ఒకరం, కింద వాటాలో ఒకరం ఉంటామని ఆ పెద్దమనిషికి తెలుసు. తెలిసే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా వాటాకి నా జీతమే ఆధారం, వాళ్ల వాటాకి అతని జీతమే ఆధారం. పైగా మా తోడికోడలికి నెలలు నిండాయి.

శనివారం సాయంత్రానికి ఇద్దరి అమ్మకాలూ సమానంగా ఉన్నాయి. అప్పుడొచ్చారు ఒక బస్సు డ్రైవరూ, ఆయన భార్యా. జీతం సగానికి కోశారట. ఇంట్లో పెట్టె పాడైందట, పిల్లలు ప్రాణం తీస్తున్నారట. నేరుగా నా దగ్గరికే వచ్చారు.

అవతల మరిది ముఖం పీక్కుపోయి ఉంది. నాకు మనసొప్పలేదు.

"అన్నయ్యా, నా మాట విని తెల్లది తీసుకోండి. ఈ రోజుల్లో ఇంత పోసి నల్లది కొనడం దండగ" అన్నాను.

వాళ్లు అటు వెళ్లారు. మరిది ఏమన్నాడో తెలుసా?

"పెట్టె చౌకేనండీ. ఆటలు కొనేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మా వదిన దగ్గర నల్లదే తీసుకోండి."

"నీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను.

"మీరు ఊరుకోండి వదినా. ఇంట్లో మా అన్నయ్యకి పని లేదు."

డ్రైవరు భార్య నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. "అమ్మేవాళ్లే వద్దంటుంటే మనకెందుకండీ? పాతదాన్నే బాగు చేయించుకుందాం పదండి" అంది. వెళ్లిపోయారు.

గల్లాపెట్టె దగ్గర ఓనరు అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆవిడ చెప్పిందే నిజం. ఇక కొత్తవి ఎవరూ కొనరు. రెండు కౌంటర్లూ తీసేసి, పాతవి బాగు చేసే బల్ల ఒకటి వేస్తాను. ఆ పని మీ ఇద్దరికీ వచ్చు. ఒక్కరు చాలు. ఎవరో మీరే తేల్చుకుని చెప్పండి. నేను టీ తాగొస్తా."

ఇద్దరమే మిగిలాం. డ్రైవరుతో మరిది పెట్టే కొనమన్న నోరు నాది. 'నువ్వే ఉండు' అనడానికి రెండు మాటలు చాలు. పెదవి కదల్లేదు. మా ఆయన, మా వాటా అద్దె, అన్నీ కళ్లముందు తిరిగాయి. భయమేసింది. అతనైనా అంటాడేమోనని చూశాను. అతనూ నా వైపు అలాగే చూస్తున్నాడు.

ఓనరు టీ తాగి వచ్చేదాకా మేం అలాగే నిలబడి ఉన్నాం.