కింది పొర

"సీసాలు ఊపుడు గూడ ఒక కొలువేనా" అంటుంది మా అత్త ముత్యమ్మ, పొద్దున్నే నేను రెండు టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే. రెండో డబ్బా ఆమె కొడుకు రాజశేఖర్‌ది. కర్దనూర్ నుంచి ఒకే బండి మీద ఒకే ఫ్యాక్టరీకి పోతాం. అతను ప్రొడక్షన్ ఇన్‌ఛార్జి, నేను ల్యాబు కెమిస్టును. ఇద్దరిదీ ఎమ్మెస్సీనే. ఎవరికి ఎక్కువ మార్కులొచ్చాయో పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు.

మొన్న కొత్త సరుకు మొదలైంది, బ్రోమోబెంజీన్. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, కానీ నీళ్లకు ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్లతో కడిగి వదిలేస్తే అది కిందికి దిగుతుంది, నీళ్లే పైన తేలతాయి. ఎందుకైనా మంచిదని పొద్దున్నే ప్లాంటులోకి వెళ్లి రాజశేఖర్‌కు చెప్పాను.

"కింది పొర వదిలెయ్యకుండ్రి. గదే మన సరుకు."

రాజశేఖర్ ఆపరేటర్ అంజన్న వైపు చూసి నవ్వాడు. "రోజూ వంట చేస్తవ్ గదనే. నూనె నీళ్లల్ల మునుగుతదా? పో, నీ సీసాలు సూసుకో."

అంజన్న నవ్వాలో వద్దో తెలియక అడుగు వాల్వు తిప్పి కింది పొరను వదిలేశాడు.

మధ్యాహ్నం ల్యాబుకు శాంపిల్ వచ్చింది. ఘాటు వాసన రావాలి, రాలేదు. నూటయాభై ఆరు డిగ్రీల దగ్గర మరగాల్సింది నూరుకే మరిగింది. మూడుసార్లు పరీక్ష చేశాను. నిజానికి మొదటిసారికే తెలిసింది. మూడోసారి నా సంతోషం కోసం.

రాజశేఖర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమొచ్చింది?"

"నీళ్లు."

"మరి సరుకు?"

"మురికినీళ్ల ట్యాంకుల. నీళ్లల్ల కలువది, అడుగునే ఉంటది. తోడుకోవచ్చు."

అతను తలుపు దగ్గరికి వేశాడు. "ప్రేమా, జెర సూసి రాయరాదూ. శాంపిల్ తప్పొచ్చిందని రాయి. నా ఇజ్జత్ పోతది."

పెళ్లయిన ఆరేళ్లలో అంత మెత్తగా పిలవడం అదే మొదలు. చెయ్యి అలవాటుగా అబద్ధానికి సిద్ధమైంది కూడా. చుట్టాల ముందు ఎన్ని చెప్పలేదు, కూర ఉప్పయితే తప్పు నాదేనని, ఇల్లు సర్దింది ఇద్దరమని. పెన్ను తీసి రాశాను: 'ఇది నీళ్లు. సరుకు కింది పొరలో ఉందని పొద్దున తొమ్మిదిన్నరకు చెప్పాను.' కింద పూర్తి పేరుతో సంతకం చేశాను, ప్రేమలత అని.

సాయంత్రం ఇంటికి రాగానే అత్త కొడుకు మొహం చూసింది. "ఏమైందిరా?"

"ల్యాబోళ్లతోని పరేషాన్ అమ్మా. సరుకంతా ట్యాంకుల పోయింది."

"గట్లెట్ల పోయె? గీ పిల్ల ముందుగాల చెప్పలేదా?"

రాజశేఖర్ వంగి షూ లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్క లేసుకు చాలాసేపు పట్టింది. పొయ్యి వెలిగించే వేళయింది. నేను కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చున్నాను, జవాబు విందామని.