ముందే కట్టిన సీటు

బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డుకి ఆనుకున్న సందులో రామాంజినప్పకి చిన్న అంగడి ఉండేది. దారం కండెలు, గుండీలు, జిప్పులు, మిషను సూదులు అమ్మేవాడు. చుట్టూ గార్మెంట్ ఫ్యాక్టరీలే కాబట్టి ఇంట్లో మిషను పెట్టుకున్న ఆడవాళ్ళందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. భార్య పోయాక పెద్దకూతురు పాపక్క పదో తరగతితో చదువు మానేసి, ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే లైనులో చేరింది. చెల్లెలు రంజితకి జడ వేసి స్కూలుకి పంపింది పాపక్కే. ఇప్పుడు రంజిత రెండో పీయూసీకి, అంటే ఇంటర్ రెండో ఏడుకి, వచ్చింది.

ఆ ఏడాది జనవరిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పీయూ కాలేజీకి వచ్చి పిల్లలకి కాగితాలు పంచిపోయారు. పరీక్షలు కాకముందే, ఫిబ్రవరి లోపల సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపట. అయితే పదో తరగతి మార్కుల కార్డు ఒరిజినల్ వాళ్ళ దగ్గరే పెట్టాలి. తర్వాత మనసు మార్చుకుంటే నాలుగేళ్ళ ఫీజూ కట్టి గానీ కార్డు తీసుకోవడానికి లేదు.

మరునాడు లెక్కల లెక్చరర్ కాత్యాయని మేడమ్ క్లాసులో ఆ సంగతే ఎత్తింది. "తొందరపడి ఎక్కడా డబ్బు కట్టేయకండి. ఇంట్లో కూర్చుని ఎంతవుతుందో, ఎక్కడినుంచి తేవాలో ముందు మాట్లాడుకోండి. ఇంజనీరింగ్ ఎంట్రన్సు సీఈటీలో ర్యాంకు వస్తే ఫ్రీ సీటు, గవర్నమెంటు ఫీజుతో పోతుంది. అది కూడా కట్టలేకపోతే చిక్కపేటలో ఒక ట్రస్టు ఉంది, వాళ్ళు కడతారు. కానీ సీఈటీ సీటుకే. మేనేజ్‌మెంట్ సీటంటే గడప కూడా తొక్కనివ్వరు." క్లాసు అయ్యాక రంజితని ఆపి, "నువ్వు మాత్రం ఆగు. నీకు వస్తుంది," అంది.

రంజితకి ఆ నమ్మకం లేదు. అర్ధవార్షిక పరీక్షలో కెమిస్ట్రీ ఘోరంగా పోయింది. పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ దాటేది కాదు. పక్క బెంచీ శ్రీజ అప్పటికే ఆ కాలేజీలో సీటు తీసుకుని నిశ్చింతగా తిరుగుతోంది. తనకీ ఆ నిశ్చింత కావాలనిపించింది. ర్యాంకు రాకపోతే? ఏ సీటూ దొరక్కపోతే? ఫ్యాక్టరీ గేటు దగ్గర పొద్దున్నే టిఫిన్ డబ్బాలతో నిలబడే ఆడపిల్లల వరుస కళ్ళముందు మెదిలేది. ఆ వరుసలో అక్క ఉందన్న సంగతి ఆ క్షణంలో గుర్తొచ్చేది కాదు.

ఇంట్లో కాగితం చూపించింది. రామాంజినప్పకి ఇంగ్లీషు చదవడం రాదు. కూతురు చెప్పింది విన్నాడు.

"ఇప్పుడు గట్టల్లంటే చీటీ పాడుకోవాల," అన్నాడు. "పరీక్షలయ్యేదాకా కాచుకుంటే ఏమన్నా లాభముండాదామ్మా? మీ మేడమ్ ఏమన్నా చెప్పిందా?"

మేడమ్ మాట రంజిత నోటిదాకా వచ్చింది. మింగేసింది. "ఏం లేదు నాయనా. కాచుకుంటే సీట్లు ఐపోతాయి."

పాపక్క అన్నం గిన్నె దించి తండ్రి వైపు తిరిగింది. రెండు కుట్టుమిషన్లు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి కొనుక్కుని, ఫ్యాక్టరీ మానేసి, జాకెట్లు కుట్టే అంగడి పెట్టుకోవాలని ఆమె ఎప్పటినుంచో కడుతున్న చీటీ అది. మూలమీద ఖాళీగా ఉన్న గది అద్దె కూడా కనుక్కుని వచ్చింది.

"నా చీటీ ఎత్తు నాయనా," అంది. "అంగడి ఇంగోసారి పెట్టుకోవచ్చు. దీని సీటు పోతే మళ్ళా రాదు."

రంజిత కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. వద్దక్కా అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

విచిత్రమేమిటంటే, చీటీ డబ్బు కట్టి, కార్డు ఇచ్చి, సీటు ఖాయమైపోయాక భయం పోయింది. భయం పోయాక చదువు ఎక్కింది. కెమిస్ట్రీ కూడా లొంగింది. జూన్‌లో ఇంటర్నెట్ సెంటర్లో నంబరు కొట్టిస్తే ర్యాంకు పదిహేను వందల లోపల వచ్చింది. ఊళ్ళో ఉన్న గవర్నమెంటు కాలేజీలోనే సీటు వచ్చే ర్యాంకు. సెంటర్ అబ్బాయి "కంగ్రాట్స్" అన్నాడు. రంజిత బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయింది. మార్కుల కార్డు కాలేజీ వాళ్ళ బీరువాలో ఉంది. అక్క మిషన్లు కూడా అక్కడే ఉన్నాయనిపించింది.

ఇంటికెళ్ళి, "ర్యాంకు బాగా రాలేదు నాయనా," అంది.

"పోనీలేమ్మా," అన్నాడు రామాంజినప్ప. "ముందే గట్టి మంచి పని చేసినాము చూడు. నీ ముందుచూపు ఎవరికొస్తాది!"

ఆ మెచ్చుకోలు రంజితకి చెంపదెబ్బలా తగిలింది.

కాలేజీ మొదలైంది. పొద్దున పాపక్క డబ్బా కట్టి ఇచ్చి ఫ్యాక్టరీకి పరిగెత్తేది. రాత్రి నడుం పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. మూలమీది గదిలో ఎవరో మొబైల్ రీచార్జి అంగడి పెట్టారు. ఆ దారిన పోయినప్పుడల్లా రంజిత తల తిప్పేసుకునేది. కాత్యాయని మేడమ్ ఒకసారి బస్టాపులో కనిపిస్తే, చూడనట్టు వెనకున్న బస్సు ఎక్కేసింది.

దసరా సెలవుల్లో ఇక ఉండబట్టలేక, బట్టలు ఆరేస్తున్న అక్క దగ్గరికి పోయి అంతా చెప్పేసింది. మేడమ్ చెప్పింది, ట్రస్టు సంగతి, ర్యాంకు. చెబుతూ ఏడ్చింది.

పాపక్క చేతిలోని తువ్వాలు పిండినదే మళ్ళీ పిండింది.

"అడిగినాడు గదా నాయన. నా ముందరే అడిగినాడు," అంది చివరికి.

"భయమేసిందక్కా."

"నాకు మాత్రం వెయ్యలేదా? ఆ లైనులో కూర్చున్న మొదటి దినం?" తువ్వాలు తీగమీద వేసింది. "నాయనకి చెప్తానంటావేమో, చెప్పొద్దు. చెప్తే నీ బరువు దిగుతాది, ఆయనకెక్కుతాది. నోరు మూసుకుని చదువు."

చెప్తే తేలికవుతుందనుకుంది రంజిత. ఇప్పుడు అక్క కూడా తండ్రి ముందు దాచాల్సి వచ్చింది. ఆ తప్పూ తనదే.

సంక్రాంతి పోయిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం రంజిత అంగడికి భోజనం తీసుకుపోయింది. పక్క పరుపుల అంగడి మస్తాన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురు సమీనా ఆ ఏడు రెండో పీయూసీ. రంజిత అప్పుడప్పుడు ఆ పిల్లకి లెక్కలు చెప్పేది. మంచి తెలివైన పిల్ల.

"ధైర్యంగా గట్టెయ్ మస్తానూ," అంటున్నాడు రామాంజినప్ప. "మా రంజితకి అట్లే చేసినాము. కాచుకునుంటే ఏమయ్యుండేది? ర్యాంకు రాకపాయె. ముందే గట్టినాము గాబట్టి సరిపాయె."

"ఆటో అమ్మేస్తాండానన్నా," అన్నాడు మస్తాన్. పరుపులు వేసుకొచ్చే లగేజీ ఆటో అది. "బేరం కుదిరింది. రేపే దుడ్లు ఇస్తానన్నారు. ఏమ్మా రంజితా, గట్టెయ్యొచ్చు గదా? నువ్వు చదివే కాలేజీనే."

రంజిత క్యారియర్ బల్లమీద పెట్టింది. తలూపి వెళ్ళిపోవచ్చు. అక్క మాట గుర్తొచ్చింది. తండ్రి మొహం చూసింది. ఆయన గర్వంగా తన జవాబు కోసమే చూస్తున్నాడు.

"కట్టద్దు మామా," అంది. "ఆటో అమ్మద్దు. సమీనాకి సీఈటీలో వస్తాది. రాకున్నా అప్పుడు చూసుకోవచ్చు."

"అదేందమ్మా, నీకు రాలేదు గదా?"

"నాకు వచ్చింది మామా. మంచి ర్యాంకే వచ్చింది. ఫ్రీ సీటు వచ్చుండేది. ముందే కట్టేసినందుకు పోయింది. ఆగమని మా మేడమ్ చెప్పింది, ఫీజు కట్టే ట్రస్టు ఉందని కూడా చెప్పింది. నేనే... నేనే నాయనకి అబద్ధం చెప్పినాను."

ఎవరో ఒకామె వచ్చి తెల్లదారం అడిగింది. రామాంజినప్ప కండె తీసిచ్చి, చిల్లర ఇచ్చి, మళ్ళీ తన చోట కూర్చున్నాడు. మస్తాన్ లేచి, రంజిత తలమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

"మీ అక్కకి తెలుసునా?" అన్నాడు రామాంజినప్ప.

"తెలుసు."

ఆయన తలూపాడు. క్యారియర్ విప్పలేదు. "ఇంటికి పో," అన్నాడు.

మరునాడు అంగడి మూసి కాలేజీకి పోయాడు. ఆఫీసులో ఎవరెవరినో అడిగాడు. కార్డు ఇవ్వాలంటే మిగిలిన మూడేళ్ళదీ కట్టమన్నారు. సాయంత్రం ఎర్రటి కళ్ళతో వచ్చి రంజితని ఏమీ అనలేదు. పాపక్కనే అడిగాడు. "దాన్నంటే పసిదనుకుంటా. నువ్వు గూడా దాచితివే." పాపక్క తలదించుకుంది. తనకి పడాల్సిన మాట అక్కకి పడుతుంటే రంజిత గడపలో నిలబడి విన్నది. అడ్డం వెళ్ళి, "అక్కది తప్పు లేదు నాయనా," అంటే, "ఎవరిదని అడగలేదు," అన్నాడాయన.

చాలా దినాలు ఆ ఇంట్లో మాటలు అవసరానికే నడిచాయి. మస్తాన్ ఆటో అమ్మలేదు. సమీనాకి గొప్ప ర్యాంకేమీ రాలేదు గానీ, తుమకూరులో ఫ్రీ సీటు దొరికింది. రంజితే ఆ పిల్లని కాత్యాయని మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. మేడమ్ ఏమీ అడగలేదు. ట్రస్టుకి ఉత్తరం రాసిచ్చి, "నువ్వెలా చదువుతున్నావు?" అంది. బాగానే అంది రంజిత. మిఠాయి తెచ్చిన మస్తాన్‌ని రామాంజినప్ప వాటేసుకున్నాడు. ఆ సంతోషంలో కల్మషం లేదు. దాన్ని చూడలేక రంజిత లోపలికి పోయింది.

పాపక్క మరో రెండేళ్ళకి పైగా ఆ లైనులోనే కుట్టింది. రంజిత నాలుగో ఏట ఉండగా మళ్ళీ చీటీ ఎత్తి, పాత మిషన్లు రెండు కొని, ఇంటి ముందు వసారాలోనే అంగడి పెట్టింది. అప్పటికే ఆమెకి నడుం నొప్పి శాశ్వతమైపోయింది. గంట కుడితే లేచి తిరగాల్సి వచ్చేది.

ఆదివారాలు రంజిత వచ్చి పక్కన కూర్చునేది. అక్క రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. రంజిత జాకెట్లకి హుక్కులు కుట్టేది. ఒకసారి పాపక్క ఒక జాకెట్టు తీసి వెలుతురుకి పట్టి చూసింది.

"ఇవి రెండోసారి వేసుకుంటే ఊడిపోతాయి. విప్పి మళ్ళా కుట్టు."

రంజిత బ్లేడు తీసుకుని, గుడ్డ తెగకుండా, ఒక్కొక్క హుక్కే విప్పసాగింది.