అరువు మంచం

ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషికి ఇంజక్షన్ ఇస్తే ఎలా ఉంటుందో తెలుసా? పడుకున్న బల్ల కింద సముద్రం కదులుతుంది. అనకాపల్లిలో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో నేను అలాగే తేలుతున్నాను. బయట కుండపోత వాన. బజారంతా నీళ్లు, మందుల షాపులన్నీ మూసేశారు. తడిసిన బెల్లం వాసన కిటికీలోంచి వస్తోంది.

నా భార్య నూకరత్నం గొంతు మాత్రం మత్తులోనూ నన్ను వదల్లేదు. చేపలమ్మిన గొంతు మరి!

"రేతిరికి మాత్ర పడకపోతే మళ్లీ వత్తాయన్నావు కదా తల్లీ. ఆ మాత్రేదో ఇచ్చీ."

"క్యాజువాలిటీకి వచ్చినవాళ్లకి ఇక్కడ మింగించడమే గానీ ఇంటికి ఇవ్వకూడదమ్మా, రూలు," అంది డాక్టర్ కృపాజ్యోతి. "వార్డులో చేరి డిశ్చార్జి అయినవాళ్లకే ఇస్తాం."

"అయితే సేర్చుకో!"

"మంచం ఖాళీ లేదే!"

నాకు ఒళ్లు మండింది. మాత్ర అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను, మధ్యలో ఈ మంచం ఏమిటి? తిడదామంటే నాలుక తిరగలేదు. మళ్లీ ఫిట్స్ వస్తే ఈసారి లేస్తానో లేవనో అని భయం వేసింది.

అంతలో వార్డులోంచి ఒక ముసలాయన చేతిసంచితో నెమ్మదిగా వచ్చాడు. నీళ్ల మీద నడిచి వస్తున్నట్టే కనిపించాడు నాకు.

"రేపు ఎల్లాల్సినోణ్ణే కదమ్మా, ఇప్పుడే ఎల్లిపోతాను. నా మంచం ఈ బావకి రాసీండి."

డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. జ్వరం లేదు. ఇద్దరి కాగితాలూ రాసింది.

వార్డులో ఆయన పక్క ఇంకా వెచ్చగా ఉంది. అందులో మునిగి హాయిగా నిద్రపోయాను. ఎవరి వెచ్చదనమో, పేరైనా తెలియదు.

మత్తు దిగాక నన్నూ డిశ్చార్జి చేశారు. మాత్రలు నూకరత్నం రొంటిన దోపుకుంది. వాన ఇంకా తగ్గలేదు. వరండాలో బెంచీ మీద ఆ ముసలాయన సంచి ఒళ్లో పెట్టుకుని, ముడుచుకుని కూర్చున్నాడు. బస్సుల్లేవట. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బావా, లే. నీ మంచం ఖాళీ అయింది," అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఎచ్చగానే ఉంచేవా?"